పరదేశ కాపురము - నెల వెచ్చముల లెక్క

మహాభారతమున అరణ్యపర్వమందు సత్యభామ ద్రౌపదిని జూడవచ్చి, భర్తల యనుగ్రహమును బడయుటకు నీ వేమి మంత్రమో మందో యెఱుంగుదువా యని యడుగును. ద్రౌపది యిచ్చిన ప్రత్యుత్తరములో మంత్రములును లేవు, మందులును లేవు. తాను దినదినము చేయు పనుల పట్టిక గలదు. అందు ధర్మరాజు కోశమునకు వచ్చు ఆదాయ మెంతయో, పోవు వ్యయ మెంతయో తానొక్కతెయే యెఱుంగుదునని యామె చెప్పిన మాట యున్నది. చిన్ననాడు మా తండ్రిగారియొద్ద ఆ ఘట్టమును జదువునప్పుడు మాకిది యంత గొప్పమాటగ దోపలేదు. ఈ నడుమ మా చెల్లెలి కుటుంబము పరదేశమునకు బోవలసి వచ్చినపుడు దాని విలువ మాకు దెలిసినది.

ఒకప్పుడు కాకినాడ, విశాఖపట్టణము, కోరంగి మొదలగు రేవులనుండి మన యాంధ్రులు వేలకొలదిగ రంగూనునకు బోయెడివారు. నాడు పోయినవారిలో పెక్కండ్రు పురుషులే. వారక్కడ నేదో యొక కొట్టములో తలదాచుకొని, తిన్నంత తిని, మిగిలినది యింటికి బంపుచుండిరి. భార్యాబిడ్డ లిచ్చటనే యుండుటచే నక్కడి సంసారపు వెచ్చములు లెక్కించు పని లేకుండెను. ఇప్పుడట్లు గాదు. భార్యయు, బిడ్డలును, వారి బడులును, వైద్యమును సమస్తము తరలిపోవలసియున్నది. జీతమెంత యని యడుగువారు పదిమంది యుందురు గాని, అచ్చట నెలకు వెచ్చమెంత యని యడుగువా రొక్కరును గానరారు. ఆ ప్రశ్న నడుగవలసినది గృహిణియే.

మా మరిది యంత్రశాస్త్రము చదివినవాడు. 2024వ సంవత్సరాంతమున నతనికి జర్మనీ దేశమున స్టుట్‌గార్ట్ నగరమునకు సమీపమున మోటారుబండ్ల పరిశ్రమకు సంబంధించిన యుద్యోగము లభించినది. జీతము సంవత్సరమునకు 66,000 యూరోలు, అనగా నెలకు 5,500. అప్పుడు యూరో వెల యించుమించుగ 90 రూపాయలు. ఇరుగుపొరుగువారు వెంటనే హెచ్చవేసి, "నెలకైదు లక్షలట!" యని చెప్పుకొనసాగిరి. ఆ మాట మా చెల్లెలి యత్తవారింటికి జేరినది. అత్తగారికి మామగారికి నెలకు 45,000 రూపాయలు పంపెదనని మా మరిది మాట యిచ్చెను. గుంటూరులో దీసికొన్న యింటి యప్పుకు నెలకు 34,000 రూపాయల వాయిదా యదివఱకే కలదు. ఈ రెంటికిని గలిపి 79,000. ఐదు లక్షలలో నిదెంత యని యందఱు ననుకొనిరి. మా చెల్లెలు మాత్రము రెండుదినములు నిద్రపట్టక, ఒక నోటుపుస్తకమును, పెన్సిలును దీసికొని మాయింటికి వచ్చినది. "అక్కయ్యా, నీవు నేర్పిన పద్దుతోనే యిదియు వ్రాయుదము" అన్నది. మేము, మాయింటివారు, మా చెల్లెలు మువ్వురము గూర్చుండి నాలుగు రాత్రులు వ్రాసితిమి. ఆ లెక్క మన సోదరీమణుల కుపయోగపడునని యీ వ్యాసము.

మొదటి నియమము. జీతమును రూపాయలలోనికి మార్చకూడదు. వెచ్చ మచ్చటి నాణెములో నగునప్పుడు రాబడిని మాత్ర మిచ్చటి నాణెములో జూచుకొని సంతసించుట అద్దములో జూపిన విందువంటిది. మొదటినుండి తుదివఱకు లెక్కయంతయు యూరోలలోనే వ్రాసి, మిగులు మాత్రము కడపట రూపాయలుగ మార్చవలెను.

రెండవ నియమము. చెప్పిన జీతము వేఱు, చేతికి వచ్చు జీతము వేఱు. జర్మనీలో వృద్ధాప్యపు నిధికి నూటికి 9.3, నిరుద్యోగపు నిధికి 1.3, ఆరోగ్యపు నిధికి 7.3తోపాటు మఱికొంత, వృద్ధుల సంరక్షణనిధికి గొంత - ఇవన్నియు జీతమునుండియే తీసికొందురు. యజమానియు దాదాపంత మొత్తమును దనవంతుగ జెల్లించును. పిమ్మట ఆదాయపు పన్ను. భార్య యచ్చటనే యుండి సంపాదన లేనిదైన పన్ను తగ్గును. భార్య స్వదేశమున నున్నంతకాలము భర్త యొంటరివానివలెనే హెచ్చుపన్ను గట్టవలయును. మా లెక్క ప్రకారము 5,500లో కుటుంబముతో నున్నచో చేతికి సుమారు 3,820 యూరోలు, ఒంటరిగ నున్నచో సుమారు 3,400 వచ్చును. పొరుగువారి ఐదు లక్షలలో నూటికి ముప్పదివంతు లీ విధముగ మొదటనే కరగిపోయెను.

ఇందులకు విచారింపవలసిన పని లేదు. ఆ కోతవలన గలుగు మేలును గూడ లెక్కలో జేర్పవలెను. అచ్చటి ప్రజారోగ్యనిధిలో భర్త చేరినచో, సంపాదన లేని భార్యకును బిడ్డలకును వేఱుగ జెల్లింపకయే వైద్యము లభించును. పదునెనిమిదేండ్లలోపు బిడ్డలకు మందుల కెట్టి రుసుమును లేదు. పెద్దవారు మందునకు 5 మొదలు 10 యూరోలవఱకు జెల్లించిన జాలును. జీతమొక హద్దు దాటినవారు ప్రైవేటు బీమాలో జేరవచ్చును. అది యొంటరివానికి జౌకగ గానవచ్చును గాని, అందు భార్యకు, ప్రతిబిడ్డకు వేర్వేఱుగ జెల్లింపవలయును. సంసారులు దీనిని మఱువరాదు. బిడ్డలకై ప్రభుత్వమిచ్చు భత్యము మఱియొకటి కలదు. దానిని కిండర్‌గెల్డ్ అందురు. 2025వ సంవత్సరమున నొక్కొక్క బిడ్డకు నెలకు 255 యూరోలు. 2026లో నది 259 అయినది. ఇద్దఱు బిడ్డలకు 510. దరఖాస్తు పెట్టుకొనినగాని రాదు. పెట్టిన వెంటనేయు రాదు. కావున మొదటి నెలల లెక్కలో దీనిని జేర్చుకొనరాదు.

ఇక గృహము. ఆ దేశమున నద్దెకు రెండు పేరులు గలవు. చల్లని యద్దె, వెచ్చని యద్దె. చల్లనిది గోడలకు, కప్పునకు మాత్రమే. నీరు, చెత్త, మెట్లదారి శుభ్రత, శీతకాలమున గదులను వెచ్చజేయుట మొదలగువానిని గలిపిన వెచ్చని యద్దె యగును. ప్రకటనలలో పెద్దయక్షరములతో గానవచ్చునది తఱచుగ జల్లనిదే. మా మరిదికి దొరకిన యింటికి చల్లని యద్దె 1,150, పైవెచ్చములు 280, మొత్తము 1,430 యూరోలు. విద్యుత్తు సాధారణముగ నిందులో జేరదు. దానిని వేఱుగ నొక కంపెనీతో నొప్పందము చేసికొనవలెను. ఇల్లు పుచ్చుకొనునపుడు చల్లని యద్దెకు మూడురెట్లవఱకు ధరావతు అడుగవచ్చును. అంతకు మించి యడుగరాదనియు, దానిని మూడు నెలవాయిదాలుగ జెల్లించు హక్కు అద్దెదారునకు గలదనియు జట్టము చెప్పుచున్నది. ఇది తెలియక మొత్తము నొకేసారి యిచ్చి చేతులు ఖాళీ చేసికొన్నవారు గలరు.

మన స్త్రీలకు మిక్కిలి యాశ్చర్యము గలిగించు సంగతి మఱియొకటి. అచ్చట పెక్కు ఇండ్లకు వంటగది యుండును గాని, వంటగదిలో నేమియు నుండదు. పొయ్యియు లేదు, అలమరలు లేవు, ఒక్కొక్కచోట గిన్నెలు కడుగు తొట్టియు లేదు. గోడనుండి రెండు గొట్టములు మాత్రము వ్రేలాడుచుండును. కప్పునుండి దీపమునకు మాఱు తీగ వ్రేలాడును. పోవువారి యొద్దనుండి పాతసామాను గొనుక్కొనుట చౌక. దానికైనను రెండువేల యూరోలు మేము వేసికొంటిమి.

సామాను గట్టుకొనునపుడు గూడ లెక్క యుండవలెను. విద్యుచ్ఛక్తి యక్కడను 230 వోల్టులే గనుక మన మిక్సీ పనిచేయును. ములుకుల యాకారము మాత్రము వేఱు, దానికొక చిన్న మార్పిడిసాధనము చాలును. అల్యూమినియము కుక్కరు ఇండక్షను పొయ్యిపై వేడెక్కదు. అడుగున నినుముగల స్టీలు కుక్కరు గొంపోవలెను. పాలతో జేసిన పదార్థములను, మాంసమును ప్రయాణికులు వెంట గొనిపోవుట ఐరోపాసమాఖ్యవారు నిషేధించినారు. కావున మా అమ్మగారు కాచి డబ్బాలో బోసిన రెండుకిలోల నేయి, కోవాబిళ్లలు మాయింటనే నిలిచిపోయినవి. పచ్చికూరలు, ఆకులు ధ్రువపత్రము లేక తీసికొనిపోరాదు. కందిపొడి, ఆవకాయ, ఎండుమిరపకాయలు మాత్రము పెట్టెలో జేరినవి. అచ్చట పాలు, పెరుగు, బంగాళాదుంపలు, కోసుకూర సులభముగ లభించును. బెండకాయ, మునగకాయ, కరివేపాకు కోరినవారికి వెల హెచ్చు. ఆదివారమున దుకాణములు మూసియుండును గనుక శనివారమే సామగ్రి తెచ్చుకొనవలయును. సీసానీటిపై, డబ్బాలపై 25 సెంట్ల ధరావతు తీసికొందురు. ఖాళీసీసా తిరిగియిచ్చిన నది తిరిగివచ్చును. కుళాయినీరే త్రాగుటకు యోగ్యమగుటచే సీసానీటి పద్దే మేము పెట్టలేదు.

మా చెల్లెలికి పెద్దకుమార్తె యెనిమిదేండ్లది, చిన్నవాడు నాలుగేండ్లవాడు. ప్రభుత్వపు బడులలో జీతము లేదు. శిశువిహారములకు మాత్ర మొక్కొక్క యూరిలో నొక్కొక్క రీతి. బెర్లిను నగరమున 2018 నుండి రుసుము లేదు. స్టుట్‌గార్ట్ ప్రాంతమున నాయా పురపాలకసంఘములు నిర్ణయించినంత చెల్లింపవలెను. ఇట్టి భేదముల వలన "జర్మనీలో వెచ్చమెంత" యను ప్రశ్నకు బదులు లేదు. "ఆ యూరిలో, ఆ బిడ్డల వయస్సుతో వెచ్చమెంత" యను ప్రశ్నకే బదులు గలదు.

మేము తుదకు నిలిపిన నెల పద్దు, 2025వ సంవత్సరపు ధరలనుబట్టి, యూరోలలో నిట్లున్నది.

రాబడి
చేతికి వచ్చు జీతము - 3,820
బిడ్డల భత్యము - 510
మొత్తము - 4,330

వెచ్చము
వెచ్చని యద్దె - 1,430
విద్యుత్తు - 100
రెండు ఫోనులు, ఇంటర్నెట్టు - 60
ఆకాశవాణి, దూరదర్శన రుసుము - 19
ఆహారము, సబ్బులు మొదలగునవి - 800
రాకపోకలు - 130
శిశువిహారము - 250
పెద్దపిల్ల బడి భోజనము, విహారములు - 60
బట్టలు, చలిచెప్పులు - 150
మందులు, కండ్లద్దములు - 40
పరులకు గలుగు నష్టమునకు బీమా - 15
మా చెల్లెలికి జర్మను భాష తరగతి - 100
ఇంటి సామాను, పండుగలు, వినోదము - 140
స్వదేశయాత్రకు నెలనెల దాచునది - 250
అనుకోని వెచ్చము - 150
మొత్తము - 3,694

మిగులు - 636

కొన్ని పద్దులకు వివరణ కావలెను. ఆకాశవాణి రుసుము ఇంటింటికి నెలకు 18 యూరోల 36 సెంట్లు. ఇంట యంత్రము లేకున్నను జెల్లింపవలసినదే. రాకపోకలకు దేశమంతట బస్సులలోను, ప్రాంతీయపు రైళ్లలోను జెల్లు నెలటిక్కెట్టు గలదు. అది 2023 మే నెలలో 49 యూరోలతో మొదలై, 2025లో 58, 2026లో 63 అయినది. ఇద్దఱికి రెండు టిక్కెట్లు, పెద్దపిల్లకు గొంత చిల్లర వేసితిమి. ఆఱేండ్లలోపు పిల్లవానికి టిక్కెట్టు లేదు. స్వదేశయాత్ర సంవత్సరమున కొకసారి వచ్చు పెద్దవెచ్చము. నలుగురి విమానపు టిక్కెట్లకు 3,000 యూరోలగునని యంచనా వేసి, దానిని పండ్రెండు భాగములు చేసితిమి. ఏటికొకసారి వచ్చునదానిని నెలపద్దులో జేర్పకపోవుటయే మన యిండ్లలో నప్పులకు మూలము. పనిమనిషి పద్దు వ్రాయలేదు. ఆ పని మా చెల్లెలి చేతులదే.

ఈ పద్దు మొదటిరాత్రి యిట్లు లేదు. ఆహారమునకు 550, బట్టలకు 80 మాత్రమే వ్రాసికొంటిమి. శాకాహారులము గదా, మితముగ నుందుము గదా యని మా ధీమా. మాయింటివారు బడిపంతులు గనుక, "మీ లెక్కను వేఱొక లెక్కతో సరిచూడక ముగించుట యెట్లు?" అనిరి. అప్పుడొక చక్కని కొలత దొరకినది. జర్మనీ ప్రభుత్వము సంపాదన లేని కుటుంబములకు బ్రతుకుటకు జాలునంత సహాయము నిచ్చును. 2024, 2025 సంవత్సరములలో నది దంపతులలో నొక్కొక్కరికి 506, ఆఱు మొదలు పదుమూడేండ్ల బిడ్డకు 390, అంతకంటె చిన్నబిడ్డకు 357 యూరోలు. అద్దె, గదులు వెచ్చజేయుట దీనిలో జేరవు. నలుగురికి గలిపిన 1,759. మా మొదటి పద్దులో నద్దె, శిశువిహారము, స్వదేశయాత్ర తీసివేసి చూడగా 1,444 మాత్రమే తేలినది. అనగా ఆ ప్రభుత్వము పేదకుటుంబమునకు గనీసమని యెంచినదానికంటె 315 తక్కువగ మేము మా చెల్లెలి సంసారమునకు వ్రాసియుంటిమి! మితవ్యయ మనుకొన్నది అజ్ఞాన మని తేలినది. అప్పుడు ఆహారమును 800కును, బట్టలను 150కిని బెంచితిమి. ఏ దేశమునకు బోవువారైనను, ఆ దేశపు ప్రభుత్వము బ్రతుకుటకు జాలునని నిర్ణయించిన మొత్తమును దెలిసికొని, దానితో దమ లెక్కను సరిచూచుకొనుట మేలు. విద్యార్థులకైనచో జర్మనీవారు 2024 సెప్టెంబరు నుండి సంవత్సరమునకు 11,904, అనగా నెలకు 992 యూరోలు బ్యాంకులో ముందుగ జూపవలెనని యడుగుచున్నారు. అది యద్దెతో గూడినది.

మిగులు 636 యూరోలు. రూపాయలలో 57,240. ఇంటికి బంపవలసినది 79,000. మా చెల్లెలు పెన్సిలు క్రింద బెట్టి, "అక్కయ్యా, ఐదు లక్షల జీతములో 21,760 రూపాయలు లోటా!" యని చాలసేపు మాటాడకుండెను.

లోటును దాచిపెట్టిన నది యప్పుగ మారును. గుంటూరి యింటిని అద్దెకిచ్చినచో 14,000 వచ్చును. అప్పటికిని 7,760 లోటు. మిగిలినవి రెండు మార్గములు. స్వదేశయాత్ర రెండేండ్లకొకసారి పెట్టుకొనుట, లేదా అత్తవారికి బంపు సొమ్ము తగ్గించుట. మొదటిదానితో నెలకు 11,250 రూపాయలు కలిసివచ్చును. మా మరిది దానికే యొప్పుకొనెను. ఇచ్చిన మాటను వెనుకకు దీసికొనుట కతని నోరాడలేదు.

మేము మాత్రము లెక్కపుస్తకమును దీసికొని మా చెల్లెలిని వెంటబెట్టుకొని వారి యత్తగారియొద్దకు బోయితిమి. తల్లితో జెప్పక యీ నిర్ణయము చేయుట న్యాయము గాదని మా యభిప్రాయము. ఆమె యెక్కువ చదువుకొన్నది కాదు. అయినను నలుబదియేండ్లు పాడిపంటల లెక్క తలలో నిలుపుకొన్న యిల్లాలు. ప్రతిపద్దును జదివించుకొని వినెను. నెలకు 1,430 అద్దె యనగానే, "అమ్మో, అది రూపాయల్లో ఎంత?" అని యడిగి, విని, మాటాడక కొంగు సవరించుకొనెను. స్వదేశయాత్ర పద్దునొద్ద మేము రెండు మార్గములును జెప్పితిమి. కొంతసేపటికి మా చెల్లెలిని జూచి, "అమ్మాయీ, నాకు మందులకూ ఇంటికీ ముప్పై ఏడు వేలు చాలు. ఆ ఎనిమిది వేలూ మీ విమానానికి పెట్టుకోండి. డబ్బు తెచ్చి నా చేతిలో పెడితే నేను ఏం చూసుకుంటాను? పిల్లల్ని ఏటేటా తెచ్చి చూపించు" అన్నది. మా చెల్లెలి కన్నులు చెమ్మగిలినవి. పద్దులో 240 రూపాయలు మిగిలినవి.

ఆ యత్తగారికి లెక్క జూపక సొమ్ము తగ్గించియుండినచో, కోడలు కొడుకును దిప్పుకొన్న దను మాట పుట్టియుండును. సొమ్ము తగ్గింపక యాత్ర మానియుండినచో, కొడుకు మఱచినాడను మాట పుట్టియుండును. అంకె లెదుట నున్నందున రెండు మాటలును బుట్టలేదు.

ఇక నెలపద్దుకంటె ముందు రావలసిన పద్దొకటి కలదు. అదియే కాలుమోపుటకు గావలసిన మొత్తము. నలుగురును గలిసి బయలుదేరినచో దానిని మే మిట్లు వేసితిమి. వీసాలకు పెద్దవారికి 75, బిడ్డలకు 37.50 చొప్పున 225. విమానమునకు 2,000. ఇల్లు దొరకువఱకు సామానుతో గూడిన తాత్కాలికపు బస రెండునెలలకు 3,800. ధరావతు 3,450. మొదటినెల యద్దె 1,430. వంటగది 2,000. మంచములు, దీపములు, పాత్రలు 1,800. చలిబట్టలు 600. అనుమతిపత్రములు, పత్రముల భాషాంతరీకరణము 500. మొదటి జీతము వచ్చువఱకు తిండికి 900. మొత్తము 16,705 యూరోలు. అందు ఉద్యోగమిచ్చిన కంపెనీవారు 3,000 ఇచ్చిరి. మిగిలిన 13,705 రూపాయలలో 12,33,450. వారి దాపుడుసొమ్ము 9 లక్షలు. తక్కువైన మూడులక్షల చిల్లరకు మా చెల్లెలి నగలు తాకట్టు పెట్టుటకు మాట జరిగియుండెను.

నగలు పోవునని మాకు భయము లేదు. పరదేశమున మొదటినెలనుండియే వడ్డీ కట్టవలసి వచ్చుననియే మా భయము. కావున మా మరిది మొదట నొంటరిగ బోవుటకు నిశ్చయమైనది. అప్పుడు 3,800 బసకు మాఱుగ నొక గదికి నెల యద్దె 650 చాలును. అందు 3,150 కలిసివచ్చినది. అతనికి చేతికి వచ్చు 3,400లో గదియద్దె, తిండి, ఇంటికి బంపునది పోను నెలకు 1,200 చొప్పున మూడునెలలలో 3,600 మిగిలినది. మొత్తము 6,750. కావలసినది 3,705. నగలు పెట్టెలోనే యున్నవి. పైగా మూడువేల యూరోలు ఆపదనిధిగ మిగిలినవి. అతడు 2025 ఫిబ్రవరిలో బోయి, ఇల్లు చూచి, నగరకార్యాలయమున బేరు నమోదు చేయించుకొనెను. కొత్తయింట జేరిన రెండువారములలో నది చేయవలసియుండును. మా చెల్లెలు మూడునెలలు బడిలో దన ఉద్యోగమును జేసికొని, మే నెలలో బిడ్డలతో బోయినది.

ఆ ఆపదనిధి మా తెలివివలన మిగిలినది గాదు. మా తప్పును గప్పుటకు మిగిలినదని ఇప్పు డొప్పుకొనవలెను. వెచ్చని యద్దెలోని 280 యూరోలు ముందుబాకీ మాత్రమే యని మేము గ్రహింపలేదు. యజమాని సంవత్సరాంతమున మీటర్లు చూచి, నిజమైన వెచ్చమును లెక్కించి, తక్కువైనది వసూలు చేయును, ఎక్కువైనది తిరిగి యిచ్చును. ఆ లెక్క సంవత్సరము ముగిసిన పండ్రెండునెలలలోగా నెప్పుడైనను రావచ్చును. శీతల మెఱుగని మన బిడ్డలకై మా చెల్లెలు గదులన్నియు రేయింబవళ్లు వెచ్చగ నుంచినది. 2026 వసంతకాలమున 540 యూరోలు చెల్లింపుడని లేఖ వచ్చినది. విద్యుత్తునకును నిట్లే సంవత్సరపు లెక్క గలదు. ఫోనులో మా చెల్లెలు కంఠము వణకెను. ఆపదనిధి నుండి చెల్లించిరి. ఇప్పుడు లేని గదులలో వెచ్చదనము తగ్గించుచు, నెలకు 45 యూరోలు దీనికై వేఱుగ నుంచుచున్నారు. మేమును మా పద్దుపుస్తకములో "ముందుబాకీల సర్దుబాటు" అను క్రొత్త వరుసను జేర్చితిమి.

లెక్కకు రాని వెచ్చమొకటి కలదు. మా చెల్లెలు గణితమున పట్టభద్రురాలు. పదేండ్లు పిల్లలకు జదువు చెప్పినది. అచ్చట బనిచేయుట కనుమతి యున్నను, ఉపాధ్యాయిని యగుటకు ఆ దేశభాషలో నుత్తమ పాండిత్యము కావలయును. ఇప్పు డొక బడి భోజనశాలలో గొన్ని గంటలు పిల్లలకు వడ్డన చేయుచున్నది. అట్టి చిన్నయుద్యోగమునకు 2026లో నెలకు 603 యూరోలు హద్దు. ఆమె కంతకు జాల తక్కువయే వచ్చును గాని, 45 యూరోల పద్దు దానితో నిండినది. "పద్దులో భాషతరగతికి వ్రాసిన నూఱు యూరోలు మాత్రము తీయకు మక్కయ్యా" యని యామె ప్రతిలేఖలోను వ్రాయుచుండును. మేము తీయలేదు. ఆ నూఱు యూరోలే యామెను మరల నల్లబల్లయొద్దకు జేర్చునవి.

సోదరీమణులారా, మీ కుటుంబము పోవునది జర్మనీయే కానక్కఱలేదు. మస్కటైనను, సింగపూరైనను, డల్లాసైనను మార్గ మొక్కటియే. చేతికి వచ్చు జీతమును మాత్రమే రాబడిగ వ్రాయుడు. ఆ దేశపు నాణెముననే లెక్క పెట్టుడు. కాలుమోపు వెచ్చమును, నెల వెచ్చమును, ఏటి వెచ్చమును మూడు పుటలలో వేర్వేఱుగ వ్రాయుడు. అద్దెలో నేవి చేరినవి, ఏవి చేరలేదని యడుగుడు. వైద్య మెవరికెంతవఱకని తెలిసికొనుడు. మీ లెక్కను ఆ దేశపు కొలతతో సరిచూడుడు. మూడునెలల జీవనమునకు జాలునంత నిధి లేక, ఉన్నంతలో నెంత వీలైన నంత, వేఱుగ నుంచుడు. ఇంటికి బంపెదమని మాట యిచ్చుటకు ముందు మిగులెంతయో చూచుకొనుడు. అన్నిటికంటె ముఖ్యముగ, ఆ పద్దును పెద్దలకు జూపుడు. వారు మన మనుకొన్నంత యాశపడువారు కారు.

మా అమ్మగారు కాచిన నేతి డబ్బా యింకను మా యలమరలో నున్నది. ఈ యేటి సంక్రాంతికి పిల్లలు వచ్చిరి. కొంత యయిపోయినది. మిగిలినది వచ్చు సంక్రాంతికి సరిపోదు గనుక, మరల గాచవలెను.